బెంజి సర్కిల్ దగ్గర వణికిన నా సిటీ వీటెక్

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడింది. బండి న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీద కాలు ఉంచాను. ఆర్‌పీఎం ముల్లు 900 నుంచి 1,700 దాకా ఎగురుతోంది, పడుతోంది, మళ్లీ ఎగురుతోంది. పడినప్పుడల్లా స్టీరింగు, సీటు, పైన అద్దం అన్నీ వణుకుతున్నాయి. ఏసీ కంప్రెసర్ ఆన్ అయిన క్షణంలో ముల్లు 500 కిందికి జారిపోయి ఇంజిన్ ఆగిపోయింది. వెనక బస్సు హారన్ మోత. మా ఆవిడ ఏమీ అనలేదు. ఏసీ ఆపేసి, కిటికీ అద్దం దించి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రోజే అనుకున్నాను, ఇక దీని సంగతి తేలేదాకా వేరే పని పెట్టుకోకూడదని.

బండి 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. 1,493 సీసీ, 16 వాల్వులు, 106 హార్స్‌పవర్. 2000లో మన దేశానికి వచ్చింది, 2003లో కొత్త సిటీ రావడంతో ఆగిపోయింది. చూడటానికి మామూలు డిక్కీ కారే కానీ, నడిపిన వాళ్లెవరూ దాన్ని స్పోర్ట్స్ కారు కాదనరు. నేను గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో అరండల్‌పేటలో ఒక డాక్టరు గారికి ఇది ఉండేది. సాయంత్రం ఆయన మూడో గేరులో లాగిస్తుంటే వచ్చే ఆ శబ్దం కోసం మేం టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లం. ఇరవై ఏళ్ల తర్వాత నాకు అలాంటిదే దొరికింది. కొన్నప్పుడే ఐడ్లింగ్, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నడక, కొంచెం తేడాగా ఉంది. పాత బండి కదా, ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుందని సరిపెట్టుకున్నాను.

సరిపోలేదు. మొదట ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. స్కానర్ పెట్టారు, ఏ కోడూ రాలేదు. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగడం లేదు. అయినా నాలుగు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ మూత, లోపలి రోటర్, పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. 14,000 రూపాయలు అయింది. బండి బయటికి తీసిన రోజు బాగున్నట్టే అనిపించింది, మూడో రోజు మళ్లీ అదే వణుకు. రెండోసారి వెళితే పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత బండ్లన్నీ ఇలాగే అవుతున్నాయన్నారు. కాదంటే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, పోయి ఉంటుంది, పాతది ఎక్కడైనా వెతుక్కోండి అన్నారు. ఇథనాల్ గురించి నాకూ బెంగ ఉంది. 20 శాతం కలిపిన పెట్రోల్ కోసం చేసిన రబ్బరు కాదు ఈ బండిలో ఉన్నది. కానీ బెంగ వేరు, కారణం వేరు. కారణం తెలియకుండా ఈసీయూ కొనడానికి నాకు మనసు ఒప్పలేదు.

నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం బండిని గమనించి ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే మొదటి రెండు నిమిషాలు వణుకు చాలా తక్కువ. వేడెక్కాక ఎక్కువ. 3,000 దాటితే పట్టులా సాఫీగా వెళ్తుంది, వారధి మీద వంద దాటినా ఏ తేడా తెలియదు. నిలబడితేనే వణుకు. దానిలోనూ రెండు రకాలు కనిపించాయి. ఒకటి ముల్లు ఎగిరిపడటం. రెండోది ముల్లు నిలకడగా ఉన్న కాసేపట్లో కూడా ఒకే తాళంలో వచ్చే కుదుపు, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే పుఫ్, పుఫ్ మని మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు. ఈ రెండూ ఒకటే జబ్బు అనుకోవడమే నేను అప్పటిదాకా చేసిన తప్పు.

ఆటోనగర్‌లో ఒక పాత మెకానిక్ ఉన్నారని మా బావ చెప్పాడు. 1960లలో మొదలైన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు సాగదీసే కొలుములు, పాత ఇంజిన్లు విప్పి అమ్మే కొట్లు దాటుకుంటూ వెళితే, ఒక వేపచెట్టు కింద రేకుల షెడ్డు. నాలుగు బండ్లకు మించి పట్టదు. అరవై ఐదేళ్లుంటాయి ఆయనకు. నేను చెప్పేది మొత్తం విన్నారు, నోట్‌బుక్ కూడా తీసుకుని చదివారు.

"స్కానర్‌లో ఏం రాలేదన్నావు కదా అబ్బాయ్. స్కానర్‌కి వైర్లున్న వాటి సంగతే తెలుస్తుంది. వైరు లేనివి మనం చూడాలి" అన్నారు.

ఆయన ముందు చేసింది ఏ పార్టూ విప్పడం కాదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పైపుకి, లోపల పీల్పు ఎంతుందో చూపించే వాక్యూమ్ గేజ్ తగిలించారు. మంచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఆ ముల్లు 18 నుంచి 21 పాదరసం అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. నా బండిలో 15 చూపించింది. అదీ నిలకడగా కాదు, సెకనుకి కొన్ని సార్లు లెక్కగా టక్, టక్ మని కిందికి కొట్టుకుంటోంది. ఆయన ఆ ముల్లు వైపే చాలాసేపు చూశారు. "రెండు ఉన్నాయి. ఒకటి గాలి లాగుతోంది. ఇంకోటి వాల్వు" అన్నారు. నా నోట్‌బుక్‌లో నాలుగు రోజులకు తేలింది ఆయనకు ఆ గేజ్ మీద రెండు నిమిషాల్లో కనిపించింది.

గాలి లాగడం అంటే ఏమిటో ఆయన చెప్పాక నాకు ముల్లు ఎందుకు ఎగురుతోందో అర్థమైంది. ఈ బండి లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంత ఉందో మ్యాప్ సెన్సార్ చెబుతుంది, ఈసీయూ దాన్నిబట్టి పెట్రోల్ లెక్క కడుతుంది. థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు, మూసి ఉన్నా ఏ కన్నం నుంచో దొంగగాలి వస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ ఇచ్చేస్తుంది, ఆర్‌పీఎం పైకి పోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, ఆర్‌పీఎం మాత్రం ఎక్కువగా ఉంది. అంటే నడుస్తున్న బండిలో డ్రైవరు కాలు తీసేశాడని ఈసీయూ అనుకుంటుంది, పెట్రోల్ ఆపేస్తుంది. ముల్లు పడుతుంది. ఆగిపోయేలా ఉందని మళ్లీ ఇస్తుంది. మళ్లీ ఎగురుతుంది. అంటే ఈసీయూ దాని పని అది సరిగ్గానే చేస్తోంది. దాన్ని మార్చడానికే నేను సిద్ధపడబోయాను.

ఆ కన్నం ఎక్కడో పట్టుకోవడానికి స్ప్రే కొడతారేమో అనుకున్నాను. ఆయన వద్దన్నారు, వేడి ఇంజిన్ మీద మండే స్ప్రే ఆయన షెడ్డులో ఎవరూ వాడరు. మూరెడు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ వెంట మెల్లగా జరుపుకుంటూ వెళ్లారు. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్ వెనక, డ్రైవర్ వైపు గోడకు ఆనుకుని ఉంటుంది, కంటికి కనపడదు. ఒక చోట ఆగి పైపు నాకిచ్చారు. చెవిలో పెట్టుకుంటే పాము బుస లాంటి శబ్దం. "చెయ్యి పెట్టి చూడు" అన్నారు. మానిఫోల్డ్ కిందుగా చెయ్యి దూర్చి తడిమితే వేలి కొసకి చల్లగా తగిలి చర్మాన్ని లోపలికి లాగింది. వేలితో అదిమి మూశాను. ఇంజిన్ శబ్దం అప్పటికప్పుడు మారిపోయింది. బరువుగా, కిందికి దిగి, రెండు సార్లు దగ్గి, ఆగిపోయింది.

నేను భయపడ్డాను. ఆయన మాత్రం తల ఊపారు.

టార్చి, చిన్న అద్దం పెట్టి చూస్తే అక్కడ ఒక ఇత్తడి నిపుల్. కంపెనీ పెట్టింది కాదు. మానిఫోల్డ్‌కి డ్రిల్లు వేసి బిగించింది. దానికి రెండు అంగుళాల హోస్ ముక్క, హోస్ కొసలో మూతగా ఒక పాత బోల్టు, పైన ప్లాస్టిక్ ట్యాగ్. హోస్ ఎండిపోయి నిలువునా చీలింది. ఆయన చూడగానే చెప్పేశారు: "ఇది గ్యాస్ బండి అబ్బాయ్. ఎల్‌పీజీ కిట్ వాక్యూమ్ లైను ఇక్కడ పెట్టేవాళ్లం. నేనే వందల బండ్లకు పెట్టాను." కొన్నప్పుడు ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. డిక్కీలో స్టెప్నీ గుంట దగ్గర నాలుగు బోల్టు కన్నాలు ఉంటే ఏదో మ్యూజిక్ సిస్టమ్‌వి అనుకున్నాను. అవి ట్యాంకు బిగించినవి.

ఆ నిపుల్ తీసేసి, ఆ కన్నానికి మర వేసి, రాగి వాషర్‌తో స్క్రూ బిగించారు. 60 రూపాయల సామాను. తర్వాత కన్నం మూస్తే ఇంజిన్ ఎందుకు ఆగిపోయిందో చూపించారు. థ్రాటిల్ బాడీ మీద, నిలబడినప్పుడు పక్కదారిన పోయే గాలిని సర్దే ఐడిల్ స్క్రూ పూర్తిగా లోపలికి బిగించి ఉంది. ఎప్పుడో ఎవరో దొంగగాలి వల్ల ఆర్‌పీఎం పెరిగితే, కన్నం వెతకకుండా స్క్రూ మూసేసి సర్దేశారు. నిలబడినప్పుడు ఈసీయూ గాలిని సర్దే ఐడిల్ వాల్వు విప్పితే లోపల తారులాంటి మసి, కదలాల్సిన ముక్క సగంలో పట్టేసి ఉంది. పక్కదారి స్క్రూతో మూసి ఉంది, అసలు దారి మసితో మూసుకుపోయింది. ఇంతకాలం బండి బతికింది ఆ చీలిన హోస్ దయవల్లే.

వాల్వును క్లీనర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, కొత్త ఓరింగ్ వేసి బిగించారు. దాని గుండా కూలెంట్ పోతుంది కాబట్టి మళ్లీ కూలెంట్ నింపి లోపల గాలి లేకుండా తీశారు. ఆ బుడగ ఉండిపోతే కూడా ఐడ్లింగ్ తప్పుతుందట. ఫ్యాన్ తిరిగేదాకా వేడి చేసి, ఐడిల్ వాల్వు సాకెట్ పీకి, మాన్యువల్ చూసి స్క్రూతో బేస్ సెట్ చేసి, సాకెట్ పెట్టి, బ్యాకప్ ఫ్యూజు కాసేపు తీసి పెట్టారు. స్టార్ట్ చేస్తే ముల్లు 750 దగ్గర నిలబడింది. ఏసీ వేసినా నిలబడింది. గేజ్‌లో 15 కాస్తా 18కి పైగా వచ్చింది.

కానీ ఆ టక్, టక్ పోలేదు. సీటులో కుదుపు పోలేదు.

రెండో జబ్బు సంగతి ఇక్కడ మొదలవుతుంది. ఐడిల్ వాల్వు సాకెట్ తీసేసి, ఇంజెక్టర్ల సాకెట్లు ఒక్కొక్కటీ పీకుతూ వచ్చారు. ఒకటి, రెండు, నాలుగు పీకినప్పుడు ఇంజిన్ కుంటుతూ కిందికి దిగింది. మూడు పీకితే ఏమీ తేడా లేదు. అంటే ఆ సిలిండర్ ముందునుంచే పని చేయడం లేదు. ఇథనాల్ మాట నేనెత్తాను. "పెట్రోల్ అయితే నాలుగింటికీ ఒకటే పెట్రోల్ కదా. ఒక్కదానికే ఎందుకొస్తుంది?" అన్నారు. పొడుగు స్క్రూడ్రైవర్ కొసను మూడో ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని నా చెవికి ఆనించారు. టిక్, టిక్ మని మిగతావాటిలాగే కొడుతోంది. మూడో ప్లగ్గు తీసి ఒకటో దానిలో వేశారు, మిస్సింగ్ మూడులోనే ఉండిపోయింది. నిప్పు బాగుంది, పెట్రోల్ వస్తోంది. ఇక చూడాల్సింది కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో.

నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల సాకెట్లు పీకి, నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నారు. ఒకటిలో 182 పీఎస్‌ఐ. రెండులో 180. నాలుగులో 178. మూడులో 141. సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. మూడో దానిలో స్పూనుడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టమన్నారు. ఆయిల్ వల్ల పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే పైన వాల్వు సరిగ్గా మూసుకోవడం లేనట్టు. 144 వచ్చింది.

ఎల్‌పీజీ వల్ల వాల్వుకి ఈ గతి ఎలా పట్టిందో ఆయన స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు. గ్యాస్ పొడిగా మండుతుంది. పెట్రోల్ తడి ఇచ్చే కాపు దానిలో ఉండదు. ఏళ్ల తరబడి గ్యాస్ మీద తిరిగితే ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటు అరుగుతుంది. సీటు అరిగితే వాల్వు సిలిండర్ల పైనుండే హెడ్డులోకి పైకి జరుగుతుంది, దాని కాడ, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకి దగ్గరవుతుంది. ఆ రెండింటి మధ్య ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ఈ ఇంజిన్‌లో ఆ సందు దానంతటది సర్దుకోదు, స్క్రూతో మనమే పెట్టాలి. ఇంజిన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది, మిగిలిన కాస్త సందూ పోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. అందుకే చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక వణుకు. ఎక్కువ ఆర్‌పీఎంలో సరిగ్గా మూసుకోని ఆ వాల్వు పక్కనుంచి గాలి తప్పించుకోవడానికి సమయం ఉండదు, నిలబడినప్పుడు ఉంటుంది. నా నోట్‌బుక్‌లో రాసుకున్న ప్రతి వాక్యానికీ జవాబు వచ్చేసింది.

"ట్యాపెట్లు సెట్ చేద్దాం. వాల్వు ఇంకా కాలి ఉండకపోతే సరిపోతుంది. కాలి ఉంటే హెడ్డు దింపాలి" అన్నారు. ట్యాపెట్లు సెట్ చేయడమంటే ఆ సందు సరిచేయడమే. హెడ్డు దింపడమంటే ఎంత ఖర్చో, ఎన్ని వారాలో నాకు తెలుసు. ఆ సాయంత్రం టెన్షన్ అంతా దాని మీదే.

అప్పటికప్పుడు చేయడం కుదరదు. ట్యాపెట్లు సెట్ చేయాలంటే ఇంజిన్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం విజయవాడలో నీడలోనే నలభై దాటుతుంది. స్టార్ట్ చేయని ఇంజిన్ కూడా ఆ లెక్క దాటిపోతుంది. బండి రాత్రంతా షెడ్డులోనే ఉంచి, తెల్లవారుజామున ఐదున్నరకి రమ్మన్నారు. నేను ఆటోలో ఇంటికి వెళ్లి, ఐదింటికే మళ్లీ బయల్దేరాను. ఆటోనగర్‌ని ఆ వేళప్పుడు చూడటం నాకదే మొదటిసారి. సుత్తి దెబ్బ ఒక్కటి లేదు, లారీల కింద క్లీనర్లు నిద్రపోతున్నారు. ఆయన అప్పటికే వాల్వు కవర్ విప్పి కూర్చున్నారు.

క్యామ్ చక్రం మీద "అప్" అన్న గుర్తు పైకి తెచ్చి ఒకటో సిలిండర్ మొదలుపెట్టారు. ఇక్కడ ఇంజిన్‌ని ఎడమవైపుకే తిప్పాలి. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఈ వరసలో వెళ్తాం. ఇన్‌టేక్‌కి 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.23 నుంచి 0.27. ఒకటో దానిలో రెండు ఎగ్జాస్ట్‌లూ 0.22కి వచ్చి ఉన్నాయి, కొంచెం బిగువు. మూడో దానిలో ఒక ఎగ్జాస్ట్ 0.20. దాని పక్కదానిలో సందు కొలిచే 0.20 మందం బ్లేడు దూరలేదు. 0.15 దూరలేదు. 0.10 కొస మాత్రం కొంచెం ఎక్కి ఆగిపోయింది. ఆయన ఆ బ్లేడును నా చేతికిచ్చి నన్ను కూడా పెట్టి చూడమన్నారు. ఉక్కు రేకు, జుట్టు వెంట్రుక మందం. అది దూరని చోటే నా మూడు నెలల తలనొప్పి ఉంది.

నట్టు వదులు చేసి, స్క్రూ వెనక్కి తిప్పి, 0.25 బ్లేడు సందులో ఉంచి బిగించారు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితోపాటు కొంచెం తిరుగుతుంది. అందుకే బిగించాక మళ్లీ చూడాలి. తిరిగింది. మళ్లీ వదులు చేశారు. మూడోసారికి కుదిరింది. బ్లేడు లాగితే మూసిన పుస్తకం మధ్య నుంచి కాగితం లాగినట్టు పట్టి వదులుతోంది. "ఈ బిగువు చేతికి గుర్తుండాలి. నంబరు తర్వాత" అన్నారు. పదహారూ అయ్యేసరికి ఏడు దాటింది, రేకుల మీద ఎండ పడుతోంది. కవర్ ప్యాకింగ్, ప్లగ్గు గుంటల సీళ్లు కొత్తవి వేశాం.

కవర్ మూసి, ఇంజిన్ వేడి చేసి, మళ్లీ కంప్రెషన్ గేజ్ మూడో దానికి పెట్టారు. నేను యాక్సిలరేటర్ తొక్కి సెల్ఫ్ కొట్టాను. గేజ్ నాకు కనిపించడం లేదు, బానెట్ అడ్డం. ఆయన గొంతు మాత్రమే వినిపించింది: "నూట డెబ్బై రెండు." వాల్వు కాలలేదు.

ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేశాం. వాక్యూమ్ గేజ్ 20 దగ్గర నిలబడింది, ముల్లు గీత గీసినట్టు ఉంది. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టాను. తప్పిన దెబ్బ లేదు, ఒకటే ఊపిరి. కంప్రెషన్, ట్యాపెట్లు, ఐడిల్ వాల్వు, ప్యాకింగ్, కూలెంట్, అన్నీ కలిపి ఆయన తీసుకున్నది 4,200. ఇంకో వెయ్యి ఇవ్వబోతే తీసుకోలేదు. 5,000 కిలోమీటర్లకు మళ్లీ తెమ్మన్నారు. సీటు అరగడం ఆగిందో లేదో తెలియాలంటే సందు మళ్లీ కొలవాలి, అంతకంటే దారి లేదన్నారు.

పాత గ్యాస్ బండి కొనబోయే వాళ్లకు ఒక్క మాట. డిక్కీలో అడుగు చాప ఎత్తి కన్నాలు చూడండి. ఎయిర్ ఫిల్టర్ పైపు, మానిఫోల్డ్ కింద చెయ్యి పెట్టి తడమండి. కిట్ తీసేసిన బండే అయినా పర్వాలేదు, కొనండి. కాకపోతే ముందు కంప్రెషన్ చూసి, ట్యాపెట్లు కొలిపించి కొనండి. చెవి దగ్గర టకటక మనే ట్యాపెట్ గురించి అందరూ కంగారు పడతారు. కానీ శబ్దం చేసేది వదులుగా ఉన్న ట్యాపెట్, అది ఇంజిన్‌ని చంపదు. బిగిసిపోయింది ఏ శబ్దమూ చేయదు, లోపల వాల్వును కాల్చేస్తుంది.

ఆ ఆదివారం మా ఆవిడతో కలిసి గుంటూరు వెళ్లాను. మంగళగిరి దాటి కాజ టోల్ దగ్గర క్యూలో ఆగాం. ఏసీ నడుస్తోంది. ఆవిడ డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి, ఇంజిన్ ఆగిపోయిందా అని అడిగింది. ముల్లు 750 దగ్గర ఉందని చూపించాను.

డిసెంబరు మొదటి వారంలో 5,000 పూర్తయ్యాయి. ఈసారి తెల్లవారుజామున వెళ్లాల్సిన పని లేదు, రాత్రంతా షెడ్డులో ఉంచిన ఇంజిన్ పది గంటలకు కూడా మంచు ముద్దలా ఉంది. మెకానిక్ గారు కవర్ విప్పి, బ్లేడ్ల కట్ట నా చేతిలో పెట్టి పక్కకి జరిగారు. మూడో సిలిండర్, ఆ రెండో ఎగ్జాస్ట్. 0.25 దూర్చి లాగాను. కాగితం లాగినట్టే, అదే బిగువుతో వచ్చింది.